థాంక్‌ఫుల్ ప్రౌటీ పంది

స్వాతంత్ర్య పుత్రికల సంఘంలో సభ్యత్వం ఆడవాళ్లకి మాత్రమే. బరువులు మోసే హక్కు మాత్రం వాళ్ల మొగుళ్లకి ధారాళంగా ఉంది.

మా ఆయన వెండెల్ ఈ హక్కును పెళ్లయిన కొత్తలోనే సంపాదించుకున్నాడు. జెండా కర్రలు, మడత కుర్చీలు, కాఫీ డ్రమ్ము, గోడకి తగిలిస్తే గోడే ఒరిగిపోయేంత బరువైన శాఖాస్థాపకురాలి పటం, అన్నీ ఆయన ట్రక్కులోనే వస్తాయి, ఆయన ట్రక్కులోనే పోతాయి. కృతజ్ఞతగా మా సంఘం భర్తలకి కోటుకి పెట్టుకునే చిన్న ఇత్తడి బిళ్ల ఒకటి ఇస్తుంది. దాన్ని చూసి మా ఆయన, మా ఆవుల చెవులకి వేసేది కూడా ఇలాగే ఉంటుంది, కాకపోతే వాటికి నంబరు కూడా ఉంటుంది అన్నాడు.

సంఘమంటే వేరే ఏమీ కాదు. ఇంగ్లండు రాజు మీద మనవాళ్లు తిరగబడ్డ రోజుల్లో దేశానికి ఏదో ఒక సాయం చేసిన పూర్వీకులు తమకున్నారని, తరం తర్వాత తరం లెక్క చూపించుకున్న ఆడవాళ్లం. పాత సైనికుల సమాధులు మెత్తటి బ్రష్షుతో కడుగుతాం. యుద్ధాల నుంచి తిరిగొచ్చినవాళ్లకి బొంతలు కుడతాం. కొత్తగా పౌరులైనవాళ్లు కోర్టులో ప్రమాణం చేసి బయటికి రాగానే ఒక చేతిలో చిన్న జెండా, ఇంకో చేతిలో 'ఆపిల్ పై' మిఠాయి ముక్క పెడతాం. నెలకోసారి టోపీలు పెట్టుకుని, కూచుని, టీ తాగుతాం.

టీ దగ్గర మా ఆయనకి ఒక జోకు ఉంది. మీ తాతముత్తాతలు రాజుకి పన్ను కట్టమని టీ పెట్టెల్ని సముద్రంలో పారేసి యుద్ధం తెచ్చారు, మీరేమో కూచుని అదే టీ ఊదుకుంటూ తాగుతున్నారు అంటాడు. ప్రతి నెలా అంటాడు. ఆ జోకు వయసున్న ఆవుల్ని మేము ఎప్పుడో సంతకి తోలేశాం.

నవ్వుకునే రోజులు అలా ఉండగా మా సభ్యురాలు మాడ్ ట్విచెల్ కన్నుమూసింది. మాకు మాడ్ పోయిన దుఃఖం ఒకటి, పన్నెండో మనిషి పోయిన దుఃఖం ఇంకొకటి. పన్నెండు మంది లేకపోతే శాఖ ఉండదు. వచ్చే వసంతంలోగా ఇంకొకరు చేరకపోతే మమ్మల్ని కొండకి అవతల ఉన్న గ్రాంటన్ శాఖలో కలిపేస్తారు.

నేను ఎడబాట్లకి పనికొచ్చే మనిషిని కాను. బస్సు కదులుతుంటే అందులో ఉన్నవాళ్లెవరో తెలియకపోయినా చెయ్యి ఊపి, ఇంటికొచ్చి వాళ్లు క్షేమంగా చేరారో లేదో అని బెంగపడతాను. అలాంటిది కొండకి అవతల అంటే ఇక చెప్పక్కర్లేదు. మాలో సగం మంది చీకటి పడితే బండి నడపరు. మా అధ్యక్షురాలు కోరా బెల్‌నాప్‌కి తొంభై దాటాయి. కొండ దారిలో శీతకాలమంతా మంచు. కలిపేయడం అని వాళ్లు పేరు పెట్టారు గానీ, మేమంతా ఒక గదిలో కూచోవడం దాంతో అయిపోయినట్టే.

వెండెల్‌కి ఈ వార్త చెబితే మొహం దించుకున్నాడు. దించుకున్న మొహం కింద నవ్వుతున్నాడని నాకు తెలుసు.

"గ్రాంటన్ వాళ్ల హాలుకి లిఫ్టు ఉందట," అన్నాడు.

"కోరా అంత దూరం ఎలా వస్తుంది, వెండెల్?"

"వాళ్ల కుర్చీలు వాళ్లకే ఉన్నాయట."

"నేను కోరా గురించి అడుగుతున్నాను."

"నేను కుర్చీల గురించి చెబుతున్నాను," అన్నాడు.

ఆ వారమే మా ఆడపడుచు జెనీవా ఫోను చేసింది. ఆ పేరున్న ఊళ్లో దేశాలు కూచుని రాజీపడతాయట. ఈ జెనీవా ఉన్నచోట ఒక తల్లి పిల్లలిద్దరు ఇంతవరకూ రాజీపడలేదు. వెండెల్ కంటే రెండేళ్లు పెద్దది. ఏటి దిగువన, బండి మీద గంట ప్రయాణం. మా ఇంటికొస్తే మా ఆయన గిన్నెలు ఎలా తోమాలో, టమాటాలు ఎప్పుడు నాటాలో, జుట్టు ఎటు దువ్వాలో చెప్పి వెళుతుంది. చిన్నప్పుడు పందెం కాసి బల్లిలా ఉండే తోకకప్పను మింగాడని ఇప్పటికీ ఆయన్ని తోకకప్పా అనే పిలుస్తుంది, చర్చిలో కూడా.

ఆవిడ భర్త రాస్కో కిందటేడు పోయాడు. అంతకుముందు సంఘాల ఊసెత్తితే పాలు పిండే పని ఎవరు చేస్తారనేది. ఇప్పుడు ఆవులూ లేవు. "ఆర్డిత్, నాకు మంగళవారాలు ఎక్కువైపోయాయి. మీ సంఘంలో నన్ను చేర్చుకుంటారా?" అంది.

మా సమావేశాలు మంగళవారమే. నేను ఫోను పెట్టేసి కుర్చీలో కూలబడ్డాను. పన్నెండో మనిషి దొరికిందన్న సంతోషం ఒక పక్క, దాన్ని వెండెల్‌కి చెప్పాలన్న భయం ఇంకో పక్క.

చెప్పాను. ఆయన కాఫీ కప్పు కింద పెట్టి, ఏటి దారి పొద్దున్నే జారుడుగా ఉంటుంది కదా, ఎలా వస్తుందని అడిగాడు. ముందురోజు సాయంత్రమే వచ్చి మన పై గదిలో పడుకుంటుందన్నాను. మర్నాడు సమావేశం అయ్యాక వెంటనే వెళ్లిపోతుందా అన్నాడు. అలిసిపోతుంది కదా, ఇంకో రాత్రి ఉంటుందన్నాను.

"అంటే నెలకి మూడు రోజులు," అన్నాడు మా ఆయన, వైద్యుడు చెప్పిన రోగం పేరు తిరిగి పలికినట్టు.

అయితే జెనీవా చేరడం అంత తేలిక కాదు. మా సంఘంలో వంశాల కార్యదర్శి ఎలోయిస్ స్టెబిన్స్. ఊరి గ్రంథాలయంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటోంది, అంటే ఇప్పుడు జీతం లేకుండా పనిచేస్తోంది. నేను చదివిన చరిత్ర పుస్తకాలన్నీ ఆవిడ చేతిమీదుగా నాకు అందినవే. చర్చి పుటలు, సమాధి రాళ్లు తిరగేసి మా ఆయన వాళ్ల ప్రౌటీల వంశంలో ఒక్కో తరమే వెనక్కి పోతూ ఎబెనెజర్ ప్రౌటీ దాకా వెళ్లింది. యుద్ధం నాటికి అతను దుక్కలాంటి కుర్రాడు. కానీ ఏ దళంలోనూ అతని పేరు లేదు. తుపాకీ పట్టలేదు, బండి తోలలేదు, కాపలా కాయలేదు. దేశసేవ రుజువు కాకపోతే జెనీవాకి సభ్యత్వం లేదు, మాకు శాఖ లేదు.

ఇంట్లో తాతల నాటి కథలేమైనా చెప్పుకునేవాళ్లా, ఒక చిన్న కొస దొరికినా చాలు అని ఎలోయిస్ అడిగించింది. ఆదివారం భోజనానికి రమ్మన్నాను. జెనీవానీ, కోరానీ కూడా పిలిచాను.

ఆ మాట వినగానే వెండెల్ హుషారయ్యాడు. శనివారం గడ్డం గీసుకున్నాడు. ఆయన ఆదివారం తప్ప గీసుకోడు. నాకు అనుమానం వచ్చి పాల కొట్టంలోకి వెళ్లి నిలదీశాను.

తెలిసింది ఏమిటంటే ఆయన దగ్గర ఒక కథ ఉంది. వాళ్ల తాత దాన్ని కొట్టంలో మగపిల్లలకి మాత్రమే చెప్పేవాడట, ఆడపిల్లలు వినకూడని మాట ఒకటి ఉందని. ఆ కథలో ఎబెనెజర్ యుద్ధానికి వెళ్లలేదు సరికదా, సైన్యం వస్తోందంటే గడ్డి అటక ఎక్కి దాక్కున్నాడు.

"ఆ కథ రేపు వాళ్ల ముందు చెబుతావా?" అన్నాను.

"చరిత్రంటే మీకు ప్రాణం కదా."

"మీ అక్క ముందు మీ వంశాన్నే బజార్న పెడతావా?"

"ఆర్డిత్, నిజం చెప్పకూడదని మీ నియమావళిలో ఉంటే చూపించు. నోరు మూసుకుంటాను."

అలాంటి నియమం లేదు. నేను బతిమాలాను. కోరా గురించి చెప్పాను, మాడ్ కూచునే ఖాళీ కుర్చీ గురించి చెప్పాను. ఆ కుర్చీ మోసేది కూడా నేనేనన్నాడు. ఆ మధ్యాహ్నం నేను బీన్స్‌లో ఉప్పు రెండుసార్లు వేశాను. మూడోసారి వేయబోతుంటే ఆయనే చెయ్యి పట్టుకుని ఆపాడు. కుట్ర పన్నుతున్నా తిండి విషయంలో జాగ్రత్త గల మనిషి.

ఆదివారం జెనీవా అందరికంటే ముందు వచ్చింది. కోటు తీయకుండానే పొయ్యి దగ్గరికి వెళ్లి బీన్స్ రుచి చూసి, తమ్ముడి వైపు తిరిగి, "తోకకప్పా, కాలరు లోపలికి పోయింది," అంది. మా ఆయన నా వైపు చూశాడు. నెలకి మూడు రోజులు అన్నట్టుంది ఆ చూపు.

కోరా టోపీతో, ఎలోయిస్ కళ్లద్దాలతో వచ్చారు. నేను పంది మాంసం హామ్ కోసి, బీన్స్, గోధుమ రొట్టె వడ్డించాను. గ్రేవీ గిన్నె ఎలోయిస్‌కి అందించాను. ప్రార్థన అయిందో లేదో మా ఆయన గొంతు సవరించుకున్నాడు. మనసు రాయి చేసుకుని ఒక చేదు నిజం చెప్పాల్సి వస్తోందన్నాడు. ఆయన మనసు రాయి కాదు, వేడి వెన్నలా ఆనందంతో కరిగిపోతోందని నాకొక్కదానికే తెలుసు.

కథ ఇది. ఒక శీతకాలం సరస్సు వైపు వెళ్లే దళం ఒకటి ఎబెనెజర్ పొలం దగ్గర ఆగింది. వాళ్లని చూడగానే ఎబెనెజర్ అటక ఎక్కి గడ్డిలో దూరాడు. కెప్టెను తలుపు తట్టి, ఇంట్లో ఒళ్లు గట్టిగా ఉన్న మగాడు ఉంటే మాతో పంపమన్నాడు. ఎబెనెజర్ భార్య, థాంక్‌ఫుల్ అని పేరు, ఈ ఇంట్లో మగాడనేవాడు లేడని గట్టిగా, అటక మీదికి వినపడేలా చెప్పింది. అటక ఆ మాటని కాదనలేదు.

"అదీ మా వీరుడు," అన్నాడు వెండెల్, రొట్టెకి వెన్న రాసుకుంటూ.

జెనీవా మొహం ఎర్రబడింది. వెండెల్ ఆపలేదు. మగాడు లేకపోతే తిండైనా పెట్టమన్నాడట కెప్టెను. వెనక కుర్రాళ్లు బూట్లు లేక కాళ్లకి గుడ్డలు చుట్టుకుని ఉన్నారు. థాంక్‌ఫుల్ వాళ్ల కాళ్లు చూసింది. దొడ్లోకి వెళ్లి ఇంట్లో ఉన్న ఒక్క పందినీ ఇచ్చేసింది. ఆ శీతకాలమంతా ఇంటిల్లిపాదీ టర్నిప్ దుంపలు తిన్నారు. ఎబెనెజర్ అటక దిగి అడిగిన మొదటి మాట, దేశం ఏమైంది అని కాదు, పంది ఏది అని.

కోరాకి ఒక చెవి వినపడదు, రెండోది అరకొరగా వినపడుతుంది. "ఎంతమందిని ఇచ్చింది?" అంది.

"మందిని కాదు కోరా, పందిని," అన్నాను.

"ఎంతమందైనా గొప్పే. ఒక్క ఇంటి నుంచి," అంది కోరా, కళ్లు తుడుచుకుంటూ.

ఎలోయిస్ ఫోర్కు కింద పెట్టడం నేను చూశాను. ఆవిడ తిండి మధ్యలో ఫోర్కు కింద పెట్టే మనిషి కాదు.

"ఆ పంది ఎవరిది, వెండెల్?"

"ఆవిడదే. పుట్టింటి నుంచి పిల్లగా తెచ్చుకుంది. ఆ పెద్దమనిషికి పందిని కొనే తెలివి కూడా లేదు," అన్నాడు, ఇంకో మేకు దిగగొడుతున్న తృప్తితో.

"సైనికులు లాక్కున్నారా, ఆవిడే ఇచ్చిందా?"

"లాక్కోవడమా? ఆవిడ దగ్గర? మెడకి తాడు కట్టి ఆవిడే కెప్టెను చేతిలో పెట్టింది. ఎబెనెజర్ చేతికి మాత్రం అటక మీద గడ్డి."

"కెప్టెను తీసుకున్నట్టు ఏమైనా రాసిచ్చాడా?"

"చీటీ రాసిచ్చాడు. ఆవిడకి చదవడం రాదు, అయినా రాయించుకుంది. మగాడు లేని ఇల్లు కదా," అని మా ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. నిజం పూర్తిగా చెప్పేశాను, ఇక మీ ఇష్టం అన్నట్టు.

ఎలోయిస్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "సైన్యానికి తిండి పెట్టినవాళ్లూ దేశసేవ చేసినవాళ్లే, వెండెల్. అది మా నియమం. ఆడవాళ్లయినా సరే. తుపాకీ అక్కర్లేదు, పంది చాలు."

మా ఆయన చేతిలో రొట్టె చేతిలోనే ఉండిపోయింది. మీ కుర్చీలు ఇన్నేళ్లుగా మోస్తున్నాను, ఈ సంగతి నాకెవరూ చెప్పలేదేమని మెల్లగా అడిగాడు. కుర్చీలు దించగానే ట్రక్కులోకి వెళ్లి రేడియోలో బేస్‌బాల్ వింటూ కూచుంటే ఎవరు చెబుతారని నేను అన్నాను.

అక్కణ్నుంచి ఆయన వెనక్కి నడవడం మొదలుపెట్టాడు. అది బహుశా పంది కాదేమో, మేకేమో అన్నాడు. మేకకైనా సభ్యత్వం వస్తుందంది ఎలోయిస్. ఆ పందికి జబ్బు చేసి ఉంటుంది, లేకపోతే ఎవరిస్తారన్నాడు. తాతకి కొట్టంలో దాచిన సైడర్ అనే ఆపిల్ కల్లు అలవాటు ఉండేదన్నాడు. ఆఖరికి ఎబెనెజర్ అటక ఎక్కింది దాక్కోవడానికి కాదు, గడ్డి పడేయడానికన్నాడు. ఒక మనిషి తన పూర్వీకుడికి ఒక్క పూటలో పోగొట్టిన పరువుని అదే పూటలో తిరిగి తెచ్చిపెట్టడానికి అంత కష్టపడటం నేను ఎక్కడా చదవలేదు.

ఎలోయిస్ అదేమీ వినడం లేదు. సైన్యానికి సరుకులిచ్చినవాళ్ల చిట్టాలో టి. ప్రౌటీ, పంది ఒకటి అని తను ఎప్పుడో చూసిందట. ఆ టి అంటే థామస్ అనుకుని, అతను వేరే ప్రౌటీల వంశం మనిషని పక్కన పెట్టేసిందట. "ఆడవాళ్ల సంఘంలో ఇన్నేళ్లు పనిచేసి, ఒక అక్షరం కనపడగానే మగాడనుకున్నాను," అంది. సిగ్గుతో ఆవిడ మెడ కూడా ఎర్రబడింది.

అప్పుడు జెనీవా కుర్చీలో నిటారుగా కూచుంది. ఇప్పుడు తమ్ముడి మీద విరుచుకుపడుతుందని నేను గ్రేవీ గిన్నె దూరంగా జరిపాను. ఆవిడ కంచంలోకి చూస్తూ చెప్పింది.

"తాత ఆ కథ చెప్పేటప్పుడు నేను కొట్టం తలుపు బయట నిలబడేదాన్ని. మీ నవ్వులు వినపడేవి. మాటలు వినపడేవి కావు."

వెండెల్ చేతిలో రొట్టె కంచంలో పెట్టేశాడు.

"మళ్లీ చెప్పు," అంది జెనీవా. "మొదటి నుంచి. ఆ మాట కూడా వదలకుండా."

అందరూ ఉన్నారు కదా అని ఆయన నసిగాడు. కోరాకి ఎలాగూ వినపడదు, ఎలోయిస్ గ్రంథాలయంలో అన్నీ చదివే ఉంటుంది, చెప్పు అంది. అప్పుడు మా ఆయన కుర్చీ అక్క పక్కకి జరుపుకుని మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి కథ వేరేలా వచ్చింది. మనుషులు మారలేదు, సంగతులు మారలేదు. కానీ ఇందాక ఎబెనెజర్ ఉన్నచోట ఇప్పుడు థాంక్‌ఫుల్ ఉంది. గుడ్డలు చుట్టిన కాళ్ల గురించి ఇందాకటి కంటే నెమ్మదిగా చెప్పాడు. పందికి తాడు కడుతూ ఆవిడ దాని చెవి నిమిరిందని ఇందాక చెప్పలేదు, ఇప్పుడు చెప్పాడు. తాత ఆ చెవిని చేతితో చూపించేవాడట.

చివర్లో ఆ మాట వచ్చింది. కుర్రాళ్లకంటే ముందు నువ్వు తిన్నావని తెలిస్తే, కెప్టెనూ, నీ నోట్లో ఫలానాది పెడతాను అందట థాంక్‌ఫుల్. ఆ ఫలానాది మేము రోజూ పొద్దున్నే కొట్టంలో పారతో ఎత్తిపోసేదే. అంతకంటే నేను రాయను.

జెనీవా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ రుమాలు తీసి మొహం కప్పుకుంది. కోరాకి రోజు మొత్తంలో సరిగ్గా వినపడింది ఆ ఒక్క మాటే. "మంచి ఇల్లాలు," అని హామ్ ఇంకొంచెం వేయించుకుంది.

ఆ తర్వాత పనులన్నీ జరగాల్సినట్టే జరిగాయి. పై వాళ్లు ఒప్పుకున్నారు. మంచు కరగకముందే జెనీవా మాలో చేరింది. మొదటి సమావేశంలో కొత్త సభ్యురాలు తన పూర్వీకుల గురించి రెండు మాటలు చెప్పడం మా ఆచారం. టోపీలు పెట్టుకున్న పదకొండు మంది ముందు నిలబడి జెనీవా థాంక్‌ఫుల్ కథంతా చెప్పింది. ఆ మాట దగ్గర క్షణం ఆగి, హాలు వెనక కప్పులు సర్దుతున్న తమ్ముడి వైపు చూసి, ఆ మాట కూడా అనేసింది. కోరా మళ్లీ చెప్పమంది. వెండెల్ కప్పుల మీదికి వంగిపోయాడు. ఆయన చెవులు వెనక నుంచి కూడా ఎర్రగా కనిపించాయి.

శాఖ నిలబడింది. నేను మాత్రం ఆ రాత్రీ బెంగపడ్డాను. జెనీవా మర్నాడు భోజనం చేసి వెళ్లిపోతానని చెప్పింది. మా ఆయనకి అది పండగ అనుకున్నాను.

మర్నాడు భోజనాలయ్యాయి. జెనీవా చేతి తొడుగులు వేసుకుంటోంది. వెండెల్ దారి ఎలా ఉందో చూసొస్తానని బయటికి వెళ్లాడు. చాలాసేపు రాలేదు. వచ్చి, టోపీ తీయకుండా గుమ్మంలో నిలబడి, ఏటి వంపు దగ్గర మంచు గాజులా గడ్డకట్టిందని, ఈ పూటకి బండి తీయడం మంచిది కాదని, రేపు చూసుకోవచ్చని గోడ వైపు చూస్తూ చెప్పాడు.

నేను కిటికీలోంచి చూశాను. ఎండ కాస్తోంది. ఎవరిదో ట్రక్కు ఏటి వైపు నుంచి కరిగిన మంచునీళ్లు చిమ్ముకుంటూ జోరుగా వస్తోంది.

జెనీవా కూడా చూసింది. తొడుగులు ఒక్కొక్క వేలే లాగి తీసింది.

"సరేలే, తోకకప్పా," అంది. "నేను సంచీ ఇంకా సర్దుకోనేలేదు."